బేసిక్ భాషతో ప్రయోగశాల మల్టీమీటరును నడిపించడం: కేబుల్ నుంచి ఫైలు దాకా

హ్యూలెట్-ప్యాకార్డ్ 34401ఏ అనే ఆరున్నర అంకెల మల్టీమీటరు ఇప్పటికీ ఎన్నో ప్రయోగశాలల్లో పని చేస్తూనే ఉంది. దాని వెనుక వైపు రెండు పోర్టులు ఉంటాయి. ఒకటి తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232, అంటే సీరియల్ పోర్టు. రెండోది ఇరవై నాలుగు పిన్నుల జీపీఐబీ, అంటే అనేక పరికరాలను ఒకే ఉమ్మడి తీగల వరుసకు (బస్సుకు) కలిపే పోర్టు. చాలా చోట్ల ఈ రెండూ దుమ్ము పట్టి ఉంటాయి, విద్యార్థులు మాత్రం గడియారం పక్కన పెట్టుకుని రీడింగులను చేత్తో రాసుకుంటూ ఉంటారు. ఐదు సెకన్లకు ఒక రీడింగు చొప్పున మూడు గంటలకు 2160 రీడింగులు అవుతాయి. ఆ పనిని ఒక పాత కంప్యూటరుకు, ఇరవై ముప్పై వరుసల బేసిక్ ప్రోగ్రాముకు ఎలా అప్పగించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణగా నీటిని వేడి చేసి చల్లారనిస్తూ, అందులో ఉంచిన పీటీ100 అనే, ఉష్ణోగ్రతతో పాటు నిరోధం మారే ప్లాటినం సెన్సరు నిరోధాన్ని నమోదు చేసే ప్రయోగాన్ని తీసుకుందాం.

కొత్తగా ప్రయోగశాలను కడుతున్నవారు పైథాన్ వైపు వెళ్తే నేను అడ్డు చెప్పను. ఇంటర్నెట్ లేని పాత కంప్యూటరు మీద, ఏ లైబ్రరీలూ ఎక్కించే అవకాశం లేని చోట మాత్రం, ఒకే ఫైలుగా తయారై పెన్‌డ్రైవ్‌లో వెళ్లిపోయే బేసిక్ ప్రోగ్రాముకు సాటి వచ్చేవి తక్కువ. ఇక్కడ ఇచ్చిన వరుసలు ఫ్రీబేసిక్ కోసం రాసినవి. అది ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, డాస్ కాలపు క్యూబేసిక్ తెలిసినవారికి అందులో కొత్తగా అనిపించేది పెద్దగా ఏమీ ఉండదు. ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. మల్టీమీటరు ఆదేశాలకు పొట్టి రూపాలు ఉన్నా, పూర్తి పదాలనూ అది అంగీకరిస్తుంది కాబట్టి ఇక్కడ పూర్తి పదాలనే వాడాను.

అన్నిటికంటే ఎక్కువ కాలం మింగేది కేబులే. 34401ఏ మీద ఉన్న తొమ్మిది పిన్నుల పోర్టు కంప్యూటరు పోర్టు లాగే మగ కనెక్టరు, పిన్నుల అమరిక కూడా అదే. అంటే రెండు వైపులా 3వ పిన్ను పంపేది, 2వ పిన్ను వినేది. మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెడితే పంపేది పంపేదానికే, వినేది వినేదానికే తగులుకుంటుంది కాబట్టి ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. అందువల్ల 2, 3 పిన్నులు అడ్డంగా మారిన నల్-మోడెమ్ కేబుల్ కావాలి. అంతటితో సరిపోదు. ఈ మల్టీమీటరు సమాధానం పంపే ముందు తన 6వ పిన్ను, అంటే అవతలివారు సిద్ధంగా ఉన్నారని తెలిపే డీఎస్‌ఆర్ గీత, ఆన్‌లో ఉందో లేదో చూస్తుంది. ఆ గీతకు అవతలి నుంచి కంప్యూటరు 4వ పిన్ను, అంటే తాను సిద్ధమని చెప్పే డీటీఆర్, వచ్చి కలవాలి. బజారులో దొరికే కొన్ని చవక కేబుళ్లలో 2, 3, 5 పిన్నులకు మాత్రమే తీగలు ఉంటాయి. వాటితో ఆదేశాలు వెళ్తాయి, మీటరు వాటిని పాటిస్తుంది కూడా, సమాధానం మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు. కొనగానే మల్టీమీటరు కంటిన్యూటీ మోడులో పెట్టి ఒక చివర 4వ పిన్ను నుంచి మరో చివర 6వ పిన్నుకు బీప్ వస్తోందో లేదో చూసుకోవాలి. రాకపోతే ఆ రెండు పిన్నుల మధ్య తీగ ఉన్న కేబుల్ తెచ్చుకోవాలి.

కంప్యూటరుకు సీరియల్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ మార్పిడి కేబుల్ వాడవచ్చు. దానిని ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టడం మంచిది, ఎందుకంటే సాకెట్ మారితే విండోస్ పోర్టు నంబరు మార్చేయవచ్చు, నిన్న నడిచిన ప్రోగ్రాము ఈ రోజు పోర్టు దొరకలేదంటుంది. నంబరు డివైస్ మేనేజరులో కనిపిస్తుంది. ఉబుంటు వంటి లినక్స్‌లో అయితే మీ లాగిన్ పేరు డయల్‌అవుట్ అనే గ్రూపులో ఉండాలి.

ఇక మీటరు ముందు పలక. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది జీపీఐబీ వైపు తిరిగి ఉంటుంది. మెనూలో ఐ/ఓ విభాగంలోకి వెళ్లి ఇంటర్‌ఫేస్‌ను ఆర్‌ఎస్-232కు మార్చి, బాడ్ రేటు (బిట్లు వెళ్లే వేగం) 9600, ప్యారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) ఈవెన్, 7 బిట్లు అని ఉన్నాయో లేదో చూడాలి. ఫ్యాక్టరీ అమరిక అదే. స్టాప్ బిట్లు ఎప్పుడూ 2, వాటిని మార్చలేము. చాలామంది అలవాటు కొద్దీ ప్రోగ్రాములో 'ఎన్,8,1' అని రాస్తారు. అలా రాస్తే అక్షరాలు వస్తాయి గానీ, వాటిలో కొన్ని అర్థం లేని గుర్తులుగా కనబడతాయి. అక్షరాలు చెడిపోయి వస్తున్నాయంటే కేబుల్ బాగానే ఉందని, అమరిక కుదరలేదని అర్థం. ఏమీ రాకపోతే ముందు అనుమానించవలసింది కేబుల్‌నే.

పోర్టును తెరిచే వరుస, మొదటి పలకరింపు ఇలా ఉంటాయి:

ఓపెన్ కామ్ "కామ్3:9600,ఇ,7,2,సీఎస్0,డీఎస్0,సీడీ0" యాజ్ #1
ప్రింట్ #1, "సిస్టమ్:రిమోట్" + సీహెచ్ఆర్(10);
ప్రింట్ #1, "*ఐడీఎన్?" + సీహెచ్ఆర్(10);

సీఎస్0, డీఎస్0, సీడీ0 అనే చివరి మూడు అమరికలు పోర్టులోని సంకేత గీతల కోసం కంప్యూటరు ఆగి ఎదురుచూడకుండా చేస్తాయి. ప్రతి ప్రింట్ వరుస చివర సెమికోలన్ పెట్టి, దానికి ముందు సీహెచ్ఆర్(10)ని మనమే చేర్చడం కావాలని చేసిన పని. వరుస ముగిసిందని తెలిపే గుర్తుగా ఒక్కో బేసిక్ ఒక్కో అక్షరాన్ని పంపుతుంది. ఈ మీటరుకు 10వ నంబరు అక్షరం, అంటే లైన్‌ఫీడ్, తప్పనిసరి. అది అందే వరకు ఆదేశం పూర్తి కాలేదనే అనుకుని ఊరుకుంటుంది. సెమికోలన్‌తో బేసిక్ సొంత గుర్తును ఆపేసి మనకు కావలసినది మనమే పంపితే, ప్రోగ్రామును మరో బేసిక్‌కు మార్చినప్పుడు కూడా ఇబ్బంది ఉండదు.

రిమోట్ ఆదేశం ఆర్‌ఎస్-232 మీద మాత్రమే అవసరం, కానీ అక్కడ అది తప్పనిసరి. దానిని మరచిపోతే కొలత ఆదేశాలకు 550వ నంబరు తప్పు నమోదవుతుంది, లోకల్ స్థితిలో, అంటే మీటరు ముందు పలక మీటలతో నడుస్తున్నప్పుడు, ఆ ఆదేశం చెల్లదని దాని అర్థం. ఐడీఎన్ ప్రశ్నకు మాత్రం కంపెనీ పేరు, మోడల్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షను కామాలతో కలిసి ఒక వరుసగా వస్తాయి. ఆ వరుస తెర మీద స్పష్టంగా కనిపించే వరకు కొలతల జోలికి వెళ్లకూడదు.

సమాధానాన్ని చదవడం ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం. లైన్ ఇన్‌పుట్ అనే ఒక్క ఆదేశంతో వరుసను చదవవచ్చు గానీ, సమాధానం రాని రోజున ప్రోగ్రాము ఆ వరుస దగ్గరే స్తంభించిపోతుంది. రాత్రంతా నడవవలసిన ప్రయోగంలో ఒక వదులు కనెక్టరు వల్ల అలా జరిగితే ఉదయానికి ఏమీ మిగలదు. కాబట్టి అక్షరం తరువాత అక్షరంగా, గడువు పెట్టుకుని చదవాలి:

ఫంక్షన్ చదువు(గడువు యాజ్ డబుల్) యాజ్ స్ట్రింగ్
  డిమ్ యాజ్ స్ట్రింగ్ మాట, అక్షరం
  డిమ్ యాజ్ డబుల్ మొదలు = టైమర్
  డు
    ఇఫ్ లాక్(1) > 0 దెన్
      అక్షరం = ఇన్‌పుట్(1, 1)
      ఇఫ్ అక్షరం = సీహెచ్ఆర్(10) దెన్ రిటర్న్ మాట
      ఇఫ్ అక్షరం <> సీహెచ్ఆర్(13) దెన్ మాట = మాట + అక్షరం
    ఎల్స్
      స్లీప్ 5, 1
    ఎండ్ ఇఫ్
  లూప్ అంటిల్ టైమర్ - మొదలు > గడువు
  రిటర్న్ ""
ఎండ్ ఫంక్షన్

చదువు, మాట, గడువు వంటివి నేను పెట్టిన పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో మీకు నచ్చినవి పెట్టుకోవచ్చు. లాక్ అనే ఫంక్షన్ పోర్టులో వచ్చి ఆగి ఉన్న అక్షరాల సంఖ్యను చెబుతుంది. ఏమీ లేనప్పుడు ఐదు మిల్లీసెకన్లు ఆగడం వల్ల ప్రాసెసరు వృథాగా తిరగదు. మీటరు ప్రతి సమాధానం చివర 13, 10 నంబర్ల అక్షరాలను రెండింటినీ పంపుతుంది. 13ను వదిలేసి, 10 కనబడగానే మాట పూర్తయిందని తీసుకుంటున్నాము. గడువు దాటితే ఖాళీ స్ట్రింగు వస్తుంది. దానిని సున్నా రీడింగుగా పొరబడకుండా పిలిచిన చోట విడిగా పరీక్షించాలి, ఎందుకంటే స్ట్రింగును సంఖ్యగా మార్చే వాల్ ఫంక్షన్ ఖాళీ స్ట్రింగుకు కూడా నిస్సంకోచంగా సున్నా అనే జవాబు ఇస్తుంది.

ఆదేశంలో అక్షరం తప్పితే మీటరు ఒక బీప్ ఇచ్చి, ముందు పలక మీద తప్పు గుర్తు వెలిగిస్తుంది. "సిస్టమ్:ఎర్రర్?" అని అడిగితే కారణం చెబుతుంది. -113 వస్తే ఆ పేరుతో ఆదేశమే లేదని, -410 వస్తే ముందు ప్రశ్నకు సమాధానం చదవకుండానే మరో ఆదేశం పంపారని అర్థం. మీటరు ఇరవై దాకా తప్పులను వరుసలో దాచుకుంటుంది కాబట్టి సున్నా వచ్చే వరకు అడుగుతూ పోవాలి. ఒకసారి అడిగి ఊరుకుంటే గంట క్రితం చేసిన తప్పును ఇప్పటిదనుకునే ప్రమాదం ఉంది. ప్రోగ్రాము మొదట్లో "*సీఎల్ఎస్" పంపితే పాత లెక్క చెరిగిపోతుంది.

ఇప్పుడు కొలత సంగతి. పీటీ100 నిరోధం 0 డిగ్రీల వద్ద 100 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓమ్‌లు. అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓమ్. సెన్సరు దాకా వెళ్లే తీగల జత నిరోధం 0.4 ఓమ్ ఉన్నా ఒక డిగ్రీ పైచిలుకు తప్పు వస్తుంది. అందువల్ల రెండు తీగల కొలత పనికిరాదు, సెన్సరు నుంచి నాలుగు తీగలు తెచ్చి, ఒక జతను ఇన్‌పుట్ టెర్మినళ్లకు, రెండో జతను సెన్స్ టెర్మినళ్లకు బిగించాలి. ప్రోగ్రాములో దానికి తగిన పదం ఎఫ్‌రెసిస్టెన్స్. "మెజర్:ఎఫ్‌రెసిస్టెన్స్?" అని పంపితే మీటరు తనంతట తానే అన్నీ అమర్చుకుని ఒక రీడింగు ఇస్తుంది. ఒకసారి చూసుకోవడానికి అది చాలు గానీ, వరుసగా తీసుకునే రీడింగులకు నేను దానిని వాడను. కారణం ఆటోరేంజి, అంటే మీటరు కొలత పరిధిని తనంతట తానే మార్చుకోవడం. వంద ఓమ్‌ల రేంజి 120 ఓమ్‌ల దాకా చూపగలదు. నీరు వేడెక్కుతూ సుమారు 51.5 డిగ్రీలు దాటగానే మీటరు వెయ్యి ఓమ్‌ల రేంజికి మారుతుంది. రెండు రేంజిల మధ్య ఉండే చిన్న తేడా సరిగ్గా అక్కడే గ్రాఫులో ఒక మెట్టులా కనబడుతుంది, చూసినవారు దానికి నీటిలో ఏదో భౌతిక కారణం వెతకడం మొదలుపెడతారు. కాబట్టి ప్రయోగం మొదట్లోనే రేంజిని కట్టేయాలి:

ప్రింట్ #1, "కాన్ఫిగర్:ఎఫ్‌రెసిస్టెన్స్ 1000" + సీహెచ్ఆర్(10);
ప్రింట్ #1, "ఎఫ్‌రెసిస్టెన్స్:ఎన్‌పీఎల్‌సీ 10" + సీహెచ్ఆర్(10);

రెండో వరుస ప్రతి కొలతను కరెంటు సరఫరా యొక్క పది ఆవృత్తాల పాటు సగటు తీయమంటుంది. మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి ఒక ఆవృత్తం 20 మిల్లీసెకన్లు, పది ఆవృత్తాలు 200 మిల్లీసెకన్లు. పూర్ణ ఆవృత్తాల మీద సగటు తీస్తే గోడ ప్లగ్గు నుంచి వచ్చే హమ్ చాలావరకు తనంతట తానే రద్దవుతుంది. మీటరు ప్రతి కొలతతో పాటు తన సున్నాను కూడా సరిచూసుకుంటుంది కాబట్టి ఒక్కో రీడింగుకు దాదాపు అర సెకను పడుతుందని లెక్క వేసుకోవచ్చు.

ఈ అర సెకనును పట్టించుకోకపోతే కాలం లెక్క తప్పుతుంది. రీడింగు తీసుకుని ఐదు సెకన్లు స్లీప్ పెట్టే ప్రోగ్రాములో, రీడింగుకు 0.4 సెకను పట్టినా వ్యవధి 5.4 సెకన్లు అవుతుంది. గంటకు 720 రీడింగులు రావలసిన చోట 666 మాత్రమే వస్తాయి. చల్లారే వక్రం నుంచి కాల స్థిరాంకం తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. తరువాతి రీడింగు ఎప్పుడు తీయాలో ముందే నిర్ణయించుకుని, ఆ క్షణం దాకా ఆగడమే సరైన పద్ధతి:

తరువాతి = టైమర్
డు
  ప్రింట్ #1, "రీడ్?" + సీహెచ్ఆర్(10);
  జవాబు = చదువు(3)
  ఓపెన్ "నీరు.సీఎస్‌వీ" ఫర్ అపెండ్ యాజ్ #2
  ప్రింట్ #2, డేట్ + " " + టైమ్ + "," + జవాబు
  క్లోజ్ #2
  తరువాతి = తరువాతి + 5
  వైల్ టైమర్ < తరువాతి : స్లీప్ 10, 1 : వెండ్
లూప్ అంటిల్ ఇన్‌కీ = సీహెచ్ఆర్(27)

ఎస్కేప్ నొక్కితే ఆ విడత పూర్తి చేసుకుని లూపు ఆగుతుంది. తరువాతి, జవాబు అనే వేరియబుళ్లను ముందుగా డిమ్ చేసుకోవడం మరవకూడదు. పాత క్యూబేసిక్‌లో నడిపేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ టైమర్ అర్ధరాత్రి సున్నాకు వచ్చేస్తుంది. అర్ధరాత్రి దాటే ప్రయోగమైతే, లెక్క 86400 దాటినప్పుడు ఆ మొత్తాన్ని తీసివేసే వరుస ఒకటి కలపాలి. లేకపోతే ప్రోగ్రాము ఎన్నటికీ రాని క్షణం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ప్రతి రీడింగుకూ ఫైలు తెరిచి మూయడం కొందరికి చాదస్తంగా అనిపిస్తుంది. ఐదు సెకన్ల వ్యవధిలో దాని ఖర్చు ఏమీ లేదు. కరెంటు పోయినప్పుడు అప్పటి దాకా మూసిన వరుసలన్నీ ఉంటాయి, తెరిచి ఉంచిన ఫైలులోనైతే ఇంకా డిస్కుకు చేరనివి పోతాయి. మరో జాగ్రత్త, ఫ్రీబేసిక్‌లో డేట్ ఫంక్షన్ నెలను ముందు, రోజును తరువాత ఇస్తుంది. 03-04 అని ఫైలులో కనబడితే అది మార్చి 4, ఏప్రిల్ 3 కాదు.

ఫైలులోకి మీటరు పంపిన నిరోధాన్ని ఉన్నది ఉన్నట్టుగానే రాయాలి, ఉష్ణోగ్రతగా మార్చిన అంకెను మాత్రమే రాసి ఊరుకోకూడదు. మార్చే సూత్రంలో రేపు పొరపాటు కనబడినా అసలు రీడింగు చేతిలో ఉంటుంది. వంద తీసివేసి 0.385తో భాగించే సులువైన పద్ధతి 50 డిగ్రీల దగ్గర దాదాపు 0.4 డిగ్రీ ఎక్కువ చూపుతుంది. నిజానికి అక్కడ పీటీ100 నిరోధం 119.40 ఓమ్‌లు. సున్నాకు పైన నిరోధం ఆర్ = 100 × (1 + ఏ×టీ + బీ×టీ×టీ) అనే సూత్రాన్ని అనుసరిస్తుంది. ఇందులో ఏ విలువ 0.0039083, బీ విలువ మైనస్ 0.0000005775. ఇది వర్గ సమీకరణమే కాబట్టి ఉష్ణోగ్రత టీ కోసం వర్గమూలం తీసే ఎస్‌క్యూఆర్ ఫంక్షన్‌తో ఒకే వరుసలో సాధించవచ్చు. మార్చే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. సెన్సరు తీగ ఊడిపోతే మీటరు +9.90000000E+37 అనే సంఖ్య పంపుతుంది. అది కొలత కాదు, రేంజి దాటిందనే గుర్తు. దానిని సూత్రంలో పెడితే వర్గమూలం కింద రుణ సంఖ్య వచ్చి లెక్క చెడిపోతుంది.

ఒకటి కంటే ఎక్కువ పరికరాలు ఉన్నప్పుడు జీపీఐబీ వైపు వెళ్లడం మేలు. హ్యూలెట్-ప్యాకార్డ్ తన పరికరాల కోసం రూపొందించిన ఈ బస్సు 1975లో ఐఈఈఈ 488 ప్రమాణం అయింది. ఒకే బస్సు మీద కంప్యూటరుతో కలిపి 15 పరికరాల దాకా ఉండవచ్చు, కేబుళ్ల మొత్తం పొడవు 20 మీటర్లు దాటకూడదు. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ విద్యార్థుల కోసం తయారు చేసిన బేసిక్ ప్రయోగశాలల్లో అంతగా పాతుకుపోవడానికి ఈ బస్సు కూడా ఒక కారణం. ఆ కంపెనీ కంప్యూటర్ల బేసిక్‌లో పరికరానికి మాట చెప్పడానికి అవుట్‌పుట్ 722, వినడానికి ఎంటర్ 722 అంటే సరిపోయేది. అందులో 7 బస్సు నంబరు, 22 మీటరు చిరునామా. 34401ఏకు ఫ్యాక్టరీ చిరునామా ఇప్పటికీ 22. ఒకే బస్సు మీద అలాంటివి రెండు ఉంటే ఒకదాని నంబరు ముందు పలక నుంచి మార్చాలి, లేకపోతే రెండూ ఒకేసారి మాట్లాడి ఎవరి మాటా తెలియకుండా పోతుంది.

నేటి కంప్యూటరుకు జీపీఐబీ కార్డు లేకపోయినా ఫర్వాలేదు. ప్రోలాజిక్స్ వంటి యూఎస్‌బీ మార్పిడి పెట్టె కంప్యూటరుకు మామూలు సీరియల్ పోర్టులాగే కనబడుతుంది, కాబట్టి పైన రాసిన చదువు ఫంక్షన్ మారకుండా పని చేస్తుంది. రెండు ప్లస్ గుర్తులతో మొదలయ్యే ఆదేశాలు పెట్టె కోసం, మిగిలినవి పరికరం కోసం. మొదట "++మోడ్ 1", "++ఏడీడీఆర్ 22", "++ఆటో 0" పంపి, ఆపై "రీడ్?" పంపిన ప్రతిసారీ "++రీడ్ ఈఓఐ" అని అడిగితే సమాధానం వస్తుంది. ఆటో 1 పెడితే ఈ చివరి అడుగు తప్పుతుంది గానీ, ప్రశ్న కాని ఆదేశం తరువాత కూడా పెట్టె మీటరును జవాబు అడుగుతుంది, మీటరు -420 అనే తప్పు నమోదు చేస్తుంది. ఇక్కడ రిమోట్ ఆదేశం పంపనవసరం లేదు.

కొలిచే పరికరం విషయంలో ప్రోగ్రాము తప్పు చేస్తే పోయేది రీడింగులే. కరెంటు ఇచ్చే పరికరం విషయంలో అలా కాదు. ఈ3631ఏ వంటి పవర్ సప్లైకి "అప్లై పీ6వీ, 3.0, 0.5" పంపితే ఆరు వోల్టుల అవుట్‌పుట్ మూడు వోల్టులకు, అర ఆంపియరు పరిమితికి అమరుతుంది. దశాంశ బిందువు జారి 0.5 బదులు 5 వెళ్తే ఆ సప్లై అభ్యంతరం చెప్పదు, అది తన సామర్థ్యంలోనిదే. కాబట్టి అంకెను పంపే ముందు మన సర్క్యూటు తట్టుకోగల పరిమితితో ఇఫ్ వరుసలో పోల్చి, దాటితే పంపకుండా ఆగిపోయేలా రాయాలి. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినా సప్లై చివరి అమరికనే పట్టుకుని ఉంటుందని, అవుట్‌పుట్ దానంతట అది ఆగదని గుర్తుంచుకుని, బయటికి వెళ్లే ప్రతి దారిలోనూ, గడువు దాటిన చోటా, ఎస్కేప్ నొక్కిన చోటా, ముందుగా "అవుట్‌పుట్ ఆఫ్" పంపి ఆ తరువాతే పోర్టును మూయాలి. మీటరుకైతే "సిస్టమ్:లోకల్" పంపితే చాలు, ముందు పలక మీటలు మళ్లీ చేతికి వస్తాయి.